ఏ ఊరిలో ఇల్లు కట్టుకుందాం?

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పై, వారి కుటుంబంపై, సహచరులపై శాంతీ శుభాలు కురియుగాక!

ఈ మధ్యకాలంలో సలహా కోరి మా వద్దకు వచ్చేవారి నోట ఒక ప్రశ్న తరచుగా వినవస్తోంది. గల్ఫ్ దేశాలలో పదిహేనేళ్ళో ఇరవయ్యేళ్ళో కష్టపడి తిరిగి వస్తున్నవారు, సైన్యంలోనో రైల్వేలోనో పనిచేస్తూ ఉత్తరాది చలిలో వయసంతా గడిపినవారు, హైదరాబాదు ఇరుకు వాటాలలో విసిగిపోయినవారు ఇంచుమించు ఒకే మాట అడుగుతున్నారు. "మౌలానా సాహెబ్! మన ప్రాంతానికి వచ్చేద్దామనుకుంటున్నాము. అబ్బాకు కీళ్ళ నొప్పులు, అమ్మీకి ఉబ్బసం. ఇద్దరికీ చలి పడదు. వెచ్చగా ఉండాలి, కంటికి ఇంపుగా ఉండాలి, పిల్లలు పెరగడానికి అనువుగా ఉండాలి. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎక్కడ స్థిరపడమంటారు?"

ఇది మదర్సాలో పాఠం చెప్పుకునేవారిని అడగవలసిన ప్రశ్నేనా అని కొందరికి అనిపించవచ్చు. మా దృష్టిలో తప్పక అడగవలసినదే. మనిషి ఎక్కడ నివసిస్తాడో అక్కడే అతని నమాజు, అతని సంపాదన, అతని సంతానపు నడవడి రూపుదిద్దుకుంటాయి. కనుక నివాసాన్ని ఎంచుకోవడం ధర్మంతో నిమిత్తం లేని వ్యవహారం కాజాలదు.

మంచి గాలిని, ఆరోగ్యకరమైన వాతావరణాన్ని కోరుకోవడం ప్రాపంచిక వ్యామోహమని భావించేవారూ ఉన్నారు. మన పూర్వీకుల చరిత్ర అలా చెప్పడం లేదు. మక్కా నుంచి వలస వచ్చిన సహాబీలకు మదీనా వాతావరణం తొలుత సరిపడలేదు. హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ బిలాల్ (రజి) తీవ్రమైన జ్వరంతో మంచం పట్టారు. అప్పుడు దైవప్రవక్త (స) మదీనాను తమకు మక్కా అంత ప్రియమైనదిగా చేయమనీ, దానిని ఆరోగ్యకరమైన ఊరుగా మార్చమనీ, అక్కడి జ్వరాన్ని తొలగించమనీ అల్లాహ్‌ను వేడుకున్నారు. బుఖారీ గ్రంథంలో ఈ ఉదంతం హజ్రత్ ఆయిషా (రజి) ద్వారా ఉల్లేఖించబడింది. ఊరు నచ్చాలి, ఒంటికి సరిపడాలి అని కోరుకోవడం ప్రవక్త (స) దుఆలోనే ఉన్నదన్నమాట.

హజ్రత్ ఉమర్ (రజి) పాలనా కాలంలో జరిగిన మరొక సంఘటన ఇంకా వివరంగా మార్గం చూపుతుంది. ఇరాక్‌లోని మదాయిన్ నగరంలో దిగిన ముస్లిముల ఆరోగ్యం అక్కడి నేలకు, నీటికి తట్టుకోలేక దెబ్బతిన్నది. సంగతి తెలిసిన ఖలీఫా వేరొక చోటు వెతకమని హజ్రత్ సాద్ (రజి)కి ఆదేశమిచ్చారు. ఆ పనికి హజ్రత్ సల్మాన్ (రజి), హజ్రత్ హుజైఫా (రజి) నియుక్తులయ్యారు. వారు నేలను స్వయంగా చూసి, పరిశీలించి, నచ్చిన చోట నమాజు చేసి, శుభం కోరుతూ దుఆ చేశారు. అలా హిజ్రీ 17వ సంవత్సరంలో కూఫా నగరం వెలిసింది. ఖలీఫా విధించిన షరతు ఒకటి గమనార్హం. తనకూ వారికీ నడుమ నదిగానీ వంతెనగానీ అడ్డు ఉండరాదన్నారు. ఆపద వేళ సాయం చేరడానికి ఆటంకం లేని చోటు కావాలన్నది అందులోని అంతరార్థం.

ఇక అన్నింటికంటే మిన్నగా హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) ఉదాహరణ ఉన్నది. ఆయన తన ఇల్లాలిని, పసిబిడ్డను పైరుపంటలు లేని లోయలో నిలిపి, అల్లాహ్‌ను మూడు వరాలు కోరారు. దివ్య ఖుర్ఆన్‌లోని ఇబ్రాహీమ్ సూరా 37వ ఆయతు ఈ వృత్తాంతాన్ని తెలుపుతుంది. తన సంతతి నమాజును నెలకొల్పాలని మొదట విన్నవించుకున్నారు. ప్రజల హృదయాలు వారివైపు మొగ్గాలని తరువాత కోరారు. వారికి ఫలాలు ప్రసాదించమని చివరగా అడిగారు. నమాజు, మనుషులు, ఫలాలు. ఈ వరుస ఎంతో ఆలోచించదగినది. నేడు మనలో అధికులు దీనిని తలక్రిందులు చేస్తున్నారు. స్థలం ధర పెరుగుతుందా అని మొదట చూస్తారు, పొరుగువారు ఎవరని ఆ తరువాత విచారిస్తారు, మస్జిద్ ఎంత దూరమో గృహప్రవేశం నాడు తెలుసుకుంటారు.

ఈ మూడింటిని మనసులో ఉంచుకొని మన నేలను ఒకసారి పరికిద్దాం.

వెచ్చదనమే కోరుకునేవారికి అల్లాహ్ ఉత్తరాంధ్ర తీరాన్ని ఎంతో అనుకూలంగా సృష్టించాడు. తూర్పున బంగాళాఖాతం, పడమట తూర్పు కనుమలు. సముద్రపు గాలి వీచే కళింగపట్నం వంటి చోట్ల శీతాకాలపు రాత్రులలో సైతం చలి అంతగా ఉండదు. కీళ్ళ నొప్పులున్న వృద్ధులకు ఇది గొప్ప ఊరట. ఇక అందానికి కొదవేమున్నది? కళింగపట్నం వద్ద వంశధార, బారువ వద్ద మహేంద్రతనయ, కోనాడ వద్ద చంపావతి సాగరంలో కలుస్తాయి. శ్రీకాకుళం పట్టణం నడుమ నుంచి నాగావళి పారుతుంది. విజయనగరం వైపు తాటిపూడి జలాశయం చుట్టూ పచ్చని కొండలు కనువిందు చేస్తాయి.

అయితే అందమనగానే అనేకుల మనసు కొండల మీదికి పోతుంది. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కి అరకు లోయకు పోయి, రెండు రోజులు ఉండి, అక్కడే ఇల్లు కట్టుకుందామని ఉబలాటపడతారు. వారికి రెండు విషయాలు మనవి చేయాలి. అరకు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. పుష్య మాసపు తెల్లవారుజామున అక్కడి మంచు యాత్రికునికి వేడుక, ఉబ్బసం ఉన్న దాదీమాకు పరీక్ష. చలి పడదని వచ్చినవారు చలిని వెతుక్కుంటూ కొండ ఎక్కడంలో వివేకం లేదు.

రెండవ విషయం మరింత గంభీరమైనది. అరకు, పాడేరు, సీతంపేట వంటి ఏజెన్సీ ప్రాంతాలలో గిరిజనేతరులు భూమి కొనడాన్ని చట్టం నిషేధిస్తోంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను సవరించి 1970లో తెచ్చిన చట్టాన్ని ప్రజలు వన్ ఆఫ్ సెవెంటీ అని పిలుచుకుంటారు. ఒక గిరిజన సోదరుని పేరిట కాగితాలు రాయించి, మన డబ్బుతో అతని భూమిని మనం అనుభవించవచ్చని చెప్పే దళారులు ఉన్నారు. అలా చేయడం చట్టరీత్యా నేరం, ధర్మరీత్యా మోసం. ఇతరుల భూమిని జానెడు మేర అన్యాయంగా ఆక్రమించుకున్నా, ప్రళయదినాన ఏడు భూముల భారం మెడకు చుట్టబడుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. బలహీనుని నేల మీద కట్టిన ఇంటిలో ఎంత చక్కని కొండగాలి వీచినా బర్కత్ ఉంటుందా? కొండలను చూడడానికి వెళ్ళండి. అల్లాహ్ సృష్టిని చూసి ఆయనను స్మరించి తిరిగి రండి.

సముద్రతీరానికి వద్దాం. తీరం చల్లని సాయంత్రాలనిస్తుంది, ఉగ్రమైన రాత్రులనూ ఇస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ తీరాన్ని తాకి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలను కూడా అతలాకుతలం చేసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికి చేరువలో తీరం దాటింది. తరతరాలుగా పెంచుకున్న తోటలు ఒక్క రాత్రిలో పోవడాన్ని ఈ ప్రాంతం కళ్ళారా చూసింది.

మాకు పరిచయమున్న ఒక కుటుంబం విషయం ఇక్కడ చెప్పడం ప్రయోజనకరం. గల్ఫ్‌లో సంపాదించిన డబ్బుతో కుమారుడు సముద్రానికి ఎదురుగా, ఊరికి దూరంగా అందమైన ఇల్లు కట్టాడు. వృద్ధురాలైన తల్లిని, భార్యను, ఇద్దరు పిల్లలను అందులో ఉంచి మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళాడు. ఇంటి కిటికీ నుంచి ఉదయించే సూర్యుడు కనిపించేవాడు, అజాన్ మాత్రం వినిపించేది కాదు. ఏ పండుగకో బంధువులు వచ్చి ఇంటిని మెచ్చుకొని పోయేవారు. ఒక తుఫాను రాత్రి కరెంటు పోయింది, ఫోను పనిచేయలేదు, పెద్ద గాలికి కిటికీ అద్దాలు పగిలాయి. ఆ వేళ తలుపు తట్టినవారు బంధువులు కారు. అంతకుముందు ఎన్నడూ ఆ ఇంటి గడప తొక్కని జాలరి కుటుంబంవారు. వారు ఆ ముసలి తల్లిని మంచంతో సహా మోసుకొని తుఫాను రక్షణ భవనానికి చేర్చారు, తమ దుప్పటి కప్పారు. తెల్లవారిన తరువాత ఆమె కోడలితో అన్న మాట ఏమిటంటే, "ఇన్నాళ్ళు మనం సముద్రాన్ని చూసుకుంటూ కూర్చున్నాము బేటీ, వెనకాల ఉన్న మనుషులను చూడలేదు." నేడు ఆ కుటుంబం పట్టణంలో, మస్జిద్‌కు దగ్గరగా ఒక చిన్న వాటాలో ఉంటోంది. ఆ జాలరి ఇంటితో మాత్రం ఈద్‌కూ సంక్రాంతికీ రాకపోకలు సాగుతున్నాయి.

ఇంటికన్నా ముందు పొరుగును చూడమని అరబ్బులలో ఒక నానుడి ఉన్నది. మంచి ఇల్లాలు, విశాలమైన ఇల్లు, సజ్జనుడైన పొరుగువాడు, సుఖమైన వాహనం మనిషి సౌభాగ్యంలోనివని ప్రవక్త (స) బోధించినట్లు హదీసులో వచ్చింది. విశాలమైన ఇంటి పక్కనే మంచి పొరుగును కూడా చేర్చడం గమనించండి. పొరుగువాడంటే మన సముదాయంవాడు మాత్రమే అనుకోరాదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట మేకను కోసినప్పుడు, మన యూదు పొరుగువారికి పంపారా అని ఆయన మరీ మరీ అడిగారు. మన రెండు జిల్లాలలో 2011 జనాభా లెక్కల ప్రకారం ముస్లిములు ఒక శాతానికి లోపే. మనం ఎక్కడ ఇల్లు తీసుకున్నా పొరుగువారిలో అత్యధికులు హిందూ సోదరులే అయి ఉంటారు. వారితో సత్సంబంధం మనకు ఆరాధనలో భాగం, నిత్యజీవితంలో అవసరం.

టెక్కలి సమీపాన తేలినీలాపురం అనే గ్రామమున్నది. ఏటా సెప్టెంబరు ప్రాంతంలో పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు అక్కడికి వచ్చి, గూళ్ళు కట్టి, పిల్లలను పొదిగి, మార్చి నాటికి తిరిగి వెళతాయి. అవి అడవిని ఎంచుకోలేదు. ఇళ్ళ మధ్యనున్న చెట్లను ఎంచుకున్నాయి. చుట్టుపక్కల నౌపడ చిత్తడి నేలల్లో వాటికి ఆహారముంది. అంతకు మించి, ఆ ఊరివారు వాటి రాకను శుభంగా భావించి ఎవరినీ రాయి వేయనివ్వరు. రెక్కలు చాచి ఎగిరే పక్షులు సైతం మన వంటి సముదాయాలేనని దివ్య ఖుర్ఆన్ అన్‌ఆమ్ సూరాలో తెలుపుతుంది. పిల్లలను పెంచడానికి చోటు వెతుక్కునే పక్షి తిండితోపాటు భద్రమైన పొరుగును చూసుకుంటున్నప్పుడు, వివేకం ప్రసాదించబడిన మనిషి ఇంకెంతగా చూసుకోవాలి!

ఇప్పుడు ఊళ్ళ సంగతి. కుటుంబంతో స్థిరపడదలచినవారికి మేము సాధారణంగా రెండు పట్టణాలనే సూచిస్తాము. శ్రీకాకుళంలో గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో, 17వ శతాబ్దంలో ఫౌజ్‌దారు షేర్ ముహమ్మద్ ఖాన్ నిర్మించిన జామియా మస్జిద్ నేటికీ ఉన్నది. అప్పట్లో దక్కను నుంచి తరలివచ్చిన కుటుంబాలు ఈ నేలనే స్వస్థలం చేసుకొని, ఈ భాషనే తమ భాష చేసుకున్నాయి. ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి పట్టణంలో, 2008లో ఏర్పడిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం సమీపంలోని ఎచ్చెర్లలో ఉన్నాయి. రైలుకు మాత్రం పన్నెండు పదమూడు కిలోమీటర్ల దూరంలోని ఆమదాలవలసకు వెళ్ళాలి.

విజయనగరం రైలు కూడలి. అక్కడి మహారాజా కళాశాల 1879 నుంచి ఉన్నత విద్యను అందిస్తోంది. 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. విశాఖపట్నం సుమారు 60 కిలోమీటర్లే గనుక పెద్ద ఆసుపత్రుల అవసరం పడినా చేరుకోవచ్చు. పట్టణంలో సముద్రపు గాలి కొంత తక్కువ, వేసవి ఉక్క కొంత ఎక్కువ. తూకం వేస్తే కుటుంబానికి లాభమే అధికం.

భోగాపురం పేరు ఇప్పుడు అందరి నోటా ఉన్నది. 2023 మేలో అక్కడి విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగిన నాటి నుంచి చుట్టుపక్కల లేఅవుట్ల ప్రకటనలు వెల్లువెత్తాయి. అక్కడ నివసించడానికి ఇల్లు కావాలంటే తప్పక పరిశీలించండి. ధర పెరుగుతుందన్న ఆశతో వడ్డీకి అప్పు తెచ్చి ప్లాటు కొని, దానినే వలస అని పిలుచుకోవద్దు. వడ్డీ నిషిద్ధమన్నది ఒక మాట. నెల నెలా కంతు కట్టలేక ఇంట్లో శాంతి కరిగిపోవడం మరొక మాట.

ఉద్దానం గురించి కూడా చెప్పక తప్పదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల పచ్చదనం చూసినవారికి అది తోటల స్వర్గమనిపిస్తుంది. ఆ పచ్చదనం మాటున మూత్రపిండాల వ్యాధి వేలాది కుటుంబాలను కుంగదీసింది. దానికి ఇదమిత్థమైన కారణం ఇంకా తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి శుద్ధజలం తెచ్చే పథకం కూడా అదే రోజు ప్రారంభమైంది. కొత్తగా స్థిరపడదలచినవారు ఆ నీటి సరఫరా తమ వీధికి వస్తున్నదా అని విచారించాలి. అయితే అక్కడివారితో సంబంధం కలుపుకోవడానికి వెనుకాడేవారు, పెళ్ళి మాట రాగానే ఆ ఊరి పేరు విని ముఖం తిప్పుకునేవారు అల్లాహ్‌కు భయపడాలి. వ్యాధిగ్రస్తుని పరామర్శ మన మీద ఉన్న హక్కు.

ఇక నిర్ణయం తీసుకునే పద్ధతి. మొదట ఊరిని డిసెంబరు సెలవుల్లో మాత్రమే చూసి మురిసిపోకండి. మే నెల ఉక్కలో ఒకసారి, అక్టోబరు వానలలో ఒకసారి చూడండి. వీలైతే ఒక ఏడాది అద్దెకు ఉండి చూడండి. ఫజ్ర్ వేళ ఆ వీధి నుంచి మస్జిద్ దాకా నడవండి. పిల్లలకు ఖుర్ఆన్ నేర్పే మక్తబ్ ఉన్నదా, ఆడపిల్లలు నిర్భయంగా నడిచిపోగల బడి ఉన్నదా, రాత్రివేళ వైద్యుడు దొరుకుతాడా చూడండి. ఖబరస్తాన్ ఎక్కడున్నదో కూడా అడగండి. జనాజాను ఎక్కడికి మోయాలో తెలియక దుఃఖసమయంలో కుటుంబాలు పడే అవస్థ మేము ఎరుగుదుము. తాగునీరు, భూమి మెరక, పైకప్పు బలం పరిశీలించండి. తీరానికి దగ్గరైతే నిర్మాణానికి అనుమతి ఉన్నదో లేదో, భూమి వక్ఫ్‌దో ప్రభుత్వానిదో కాదని రికార్డులలో నిర్ధారించుకోండి.

తరువాత ఇంట్లో మష్వరా చేయండి. సంప్రదించుకొని పనులు చక్కబెట్టుకోవడం విశ్వాసుల లక్షణమని ఖుర్ఆన్ అంటుంది. ఆ సంప్రదింపులో ఇల్లాలు ఉండాలి, ఇంటి పెద్దలుండాలి, ఎదిగిన పిల్లలుండాలి. పురుషుడు ఉదయం పోయి రాత్రి వస్తాడు. రోజంతా ఆ ఇంటిలో, ఆ వీధిలో గడిపేది స్త్రీలు, వృద్ధులు. స్థలం కొని వచ్చి, రిజిస్ట్రేషన్ కాగితం చేతిలో పెట్టి, ఇక సామాను సర్దుకోండని చెప్పడం సంప్రదింపు అనిపించుకోదు. అటుపిమ్మట ఇస్తిఖారా నమాజు చేసి అల్లాహ్‌పై భారం వేయండి.

తరలిపోయే స్తోమత లేనివారు నిరాశ చెందనవసరం లేదు. మదీనా శివారులోని బనూ సలిమా తెగవారు తమ ఇళ్ళను వదలి ప్రవక్త మస్జిద్ దగ్గరకు వచ్చేయాలని తలచారు. దైవప్రవక్త (స) వారిని తమ ఇళ్ళలోనే ఉండమన్నారు. మస్జిద్‌కు వారు వేసే అడుగులు లిఖించబడుతాయని శుభవార్త ఇచ్చారు. మదీనా శివార్లు ఖాళీ కావడం ఆయనకు ఇష్టం లేదు. మన పల్లెలలో ఒకటీ రెండూ ఉన్న ముస్లిం ఇళ్ళవారు ఈ హదీసును గుండెలకు హత్తుకోవాలి. వారంతా పట్టణాలకు వచ్చేస్తే ఆ పల్లెలలోని చిన్న మస్జిద్‌లలో దీపం వెలిగించేదెవరు? దూరాన ఉండి జుమాకు బస్సెక్కి వచ్చే ఆ సోదరుని ప్రతి అడుగూ అల్లాహ్ వద్ద భద్రంగా ఉంటుంది.

కనుక ఇల్లు మారదలచినవారు మారండి, ఉండదలచినవారు ఉండండి. ఇబ్రాహీమ్ (అలై) నేర్పిన వరుసను మాత్రం తారుమారు చేయకండి. నమాజుకు చోటున్న ఊరు, మనసు కలిసే మనుషులున్న వీధి, ఆ తరువాత కొబ్బరి నీడ, సముద్రపు గాలి. మొదటి రెండూ ఉన్నచోట మూడవది కొంత తక్కువైనా ఇల్లు నిలుస్తుంది.

ఓ మా ప్రభూ! మా నివాసాలను శాంతి నిలయాలుగా చేయి. మా వృద్ధులకు స్వస్థతను, మా బిడ్డలకు సద్వర్తనను, మా పొరుగువారికి మా వలన నెమ్మదిని ప్రసాదించు. ఆమీన్.